నిర్మూలనాధికారి ఎలుక

మూషిక నిర్మూలన విభాగం,
ప్రధానాధికారి గది.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

మొదట నా క్షేమం. పోయిన నెల కార్యాలయ వైద్యుడు నన్ను పరీక్షించి, బతికే ఉన్నానని రాతపూర్వకంగా ధ్రువీకరించాడు. నీ క్షేమాన్ని నేను విచారించడం లేదు. మొన్న ఫోనులో మాట్లాడుతూ మధ్యలో నీవు వంటావిడను మందలించిన తీరు విన్నాక ఆ అవసరం కనిపించలేదు. ఈసారి ఫోను మాని ఉత్తరం రాయడానికి కారణం, నా గది గోడలు చెక్కవి. అవతల గుమాస్తాలు కూర్చుంటారు. ఇంట్లోంచి చేద్దామంటే పక్క వాటాలో మా ఉపాధికారి కాపురం.

విషయము: పేలు.

నీవు వార్డెనుగా అడుగు పెట్టిన నాటి నుంచి మీ వసతి గృహంలో పేను అన్నది తలెత్తలేదని అందరూ చెప్పుకుంటారు. ఎలుకల విషయంలో నాకెంత పేరుందో, పేల విషయంలో నీకంత పేరుంది. ఒకే తల్లి కడుపున ఇద్దరు నిర్మూలనాధికారులు పుట్టడం సామాన్య విషయం కాదు. కనుక ఒక నిపుణుడు మరొక నిపుణురాలి సలహా కోరుతున్నట్లుగా ఈ లేఖను స్వీకరించగలవు.

నా ఇంట్లో ఈ మధ్య ఒక సభ్యురాలు చేరింది. పేరు దొరసాని. ఆవిడకు పేలు పట్టాయి. మెడ వెనక, భుజాల మీద తెగ గోక్కుంటోంది. గోకినచోటల్లా పొక్కులు కట్టాయి. పగలంతా నిద్ర, దీపాలు పెట్టే వేళకు చలాకీ. నేనంటే భయం లేదు. కార్యాలయం నుంచి రాగానే భుజమెక్కి కూర్చుంటుంది.

ఇంతకు మించిన వివరాలు ప్రస్తుత దశలో అనవసరమని భావిస్తున్నాను. నివారణ మార్గం తెలుపగలవు.

ఇట్లు,
నీ తమ్ముడు.


బాలికల వసతి గృహం,
వార్డెన్ గది.

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. మామూలుగా ఇచ్చేదానిలో సగమే ఇస్తున్నాను.

నీ ఉత్తరం భోజనం దగ్గర అందింది. చదివాను. ఏదో పొరపాటు పడ్డానేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. తర్వాత చెయ్యి కడిగేసుకున్నాను.

మరదలు పోయాక, ఇల్లు బావురుమంటోంది, మళ్ళీ పెళ్ళి చేసుకోరా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినదాన్ని నేను. అప్పుడేమన్నావు? "అక్కయ్యా, ఆ ప్రతిపాదన పరిశీలనార్హం కాదు" అన్నావు. ఇప్పుడు నాతో ఒక్క మాటైనా అనకుండా ఎవరో దొరసానిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావు. పేలు పట్టాక అక్క గుర్తొచ్చిందన్నమాట.

ఆవిడ ఎవరు, ఎక్కడిది, ఎవరి అమ్మాయి, ఒక్క ముక్క రాయలేదు. పగలంతా పడుకుంటుందట. ఇంటిపని ఎవరు చేస్తారు? నువ్వేనా? సాయంత్రం భుజమెక్కి కూర్చుంటుందట. తోడబుట్టినదానికి రాయాల్సిన సంగతులేనట్రా ఇవి? నీ వయసుకు ఆ భుజం నిలుస్తుందా అసలు?

మన నాన్న బోనులు తయారుచేసి, ఇంటింటికీ మోసి అమ్మి మనల్ని ఇంతవాళ్ళను చేశాడు. ఆయన పేరు నిలబెట్టామని నేను నలుగురిలో తలెత్తుకుని చెప్పుకుంటున్నాను. ఇక మీదట ఎలా చెప్పుకోవాలో నువ్వే సెలవియ్యి.

అయినా పేలు అన్నాక నా బాధ్యత నేను తప్పను. విను. మందు ఒక్కసారి రాసి చేతులు దులుపుకోవద్దు. మందుకు పేలు చస్తాయి, ఈపులు చావవు. అవి పిల్లలై బయటికొచ్చాక మళ్ళీ రాయాలి, ఆ తర్వాత ఇంకోసారి. మందు రాసిన రోజే ఆవిడ పక్క, దుప్పటి, దువ్వెన, ఆవిడ ఒరిగిన ప్రతి గుడ్డా మరిగే నీళ్ళలో వెయ్యాలి. పనికిరానిది పారెయ్యాలి. అక్కడ బద్ధకిస్తే చేసిందంతా వృథా.

ఆవిడ ఫోటో పంపు.

మీ అక్క.


మూషిక నిర్మూలన విభాగం,
ప్రధానాధికారి గది.

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ లేఖలో నా మీద మోపిన అభియోగాలను ఇందుమూలంగా ఖండిస్తున్నాను. దొరసాని ఆడదే గాని మనిషి కాదు. దొరసాని ఎలుక.

కూర్చుని చదువు. సందర్భం వివరిస్తాను.

ఈ మధ్య మా విభాగం నిర్మూలన వారోత్సవం జరిపింది. ప్రజలకు శత్రువును ప్రత్యక్షంగా చూపించాలని పైనుంచి ఉత్తర్వు. వీధి ఎలుక ప్రదర్శనకు సహకరించదు గనుక, పెంపుడు జంతువుల దుకాణం నుంచి ఒకదాన్ని తెప్పించాను. తెల్లటి ఒళ్ళు, తల మీద మాత్రం టోపీ పెట్టినట్లు గోధుమరంగు. "మీ శత్రువును గుర్తించండి" అన్న బ్యానరు కింద, పంజరంలో కూర్చుని వారం పొడుగునా అది ముందు కాళ్ళతో మొహం కడుక్కుంటూనే ఉంది. ప్రజలు శత్రువును గుర్తించిన దాఖలాలు లేవు. ముద్దొస్తోందన్నారు.

వారోత్సవం ముగిశాక నిబంధన ప్రకారం దాన్ని నిర్మూలించాలి. అది ఇంకొకరికి అప్పగించవలసిన పని కాదని నేనే పంజరం ఇంటికి తెచ్చుకున్నాను. తలుపు గడియ వేసి పంజరం మూత తీశాను. అది నింపాదిగా బయటికొచ్చి, నా అరచేతిలో కూర్చుని, మొహం కడుక్కోవడం కొనసాగించింది. అక్కయ్యా, నా సర్వీసులో ఒక ఎలుక నన్ను చూసి పారిపోకపోవడం అదే ప్రథమం. ఆ పరిస్థితిలో ఏం చేయాలో మా నిబంధనావళిలో లేదు.

ఇక పేలు. పశువైద్యుడి దగ్గరికి పంజరాన్ని గొడుగు బట్టలో చుట్టి తీసుకెళ్ళాను. ఆయన వెంట్రుకలు పాయలు తీసి భూతద్దంతో చూశాడు. దుకాణంలో పరిచిన రంపపు పొట్టులోంచి వచ్చి ఉంటాయన్నాడు. ఎలుక పేలు ఎలుకలనే పట్టుకుంటాయి, మనిషి తలకెక్కవు. కనుక ఈ ఉత్తరాన్ని నిర్భయంగా పట్టుకోవచ్చు. మెడ వెనక చుక్కలుగా వేసే మందు ఇచ్చాడు. మోతాదు బరువును బట్టి. ఏమాత్రం ఎక్కువైనా ప్రాణానికే ముప్పట. అంత చిన్న ప్రాణాన్ని తూచే త్రాసు ఆయన దగ్గర లేదు. ఆయన కాటా మీద దొరసానిని పెడితే ముల్లు కదలలేదు.

ఊరు మొత్తానికి అంత నిక్కచ్చి త్రాసు ఒక్కటే ఉంది. విషపు ఎర పాళ్ళు తూచేది. అది నా బల్ల పక్కనే ఉంటుంది. ఆదివారం నాడు కార్యాలయం తెరిపించి, దానికి కొత్త పళ్ళెం తగిలించి, దొరసానిని అందులో కూర్చోబెట్టాను. కదలకుండా కూర్చుంది. లెక్క కట్టి మందు వేశాను.

ఫలితం నివేదించడానికి గర్విస్తున్నాను. ఒంటి మీద బతికున్న పేను ఒక్కటీ లేదు. నిర్మూలన సంపూర్ణం. పక్క మరిగించాలన్న నీ సూచనను మాత్రం అమలు చేయలేదు; అది మా పద్ధతికి విరుద్ధం. చచ్చినవి లెక్కించక ముందు స్థలాన్ని కదిలించరాదన్నది మా విభాగంలో తొలి పాఠం. పొట్టును ఉన్నదున్నట్లు ఉంచి, భూతద్దంతో కళేబరాలు లెక్కిస్తున్నాను.

ఫోటో జతపరిచాను. కుడివైపున ఉన్నది నేను.

నీ తమ్ముడు.


బాలికల వసతి గృహం,
వరండా.

చిరంజీవి తమ్ముడికి,

ఎలుక పేలు మనిషికెక్కవని నువ్వు రాసినా సరే, నీ ఉత్తరం ఇకనుంచి వరండాలోనే విప్పుతాను. లోపలికి రానివ్వను.

ఎలుకా? దానికన్నా నేను మొదట అనుకున్న దొరసానే నయం కదరా. ఆవిడైతే ఏడ్చి మొత్తుకుని చివరికి మరదలే కదా అని సరిపెట్టుకునేదాన్ని. నాన్న బోను పెడితే వీధి వీధంతా నిశ్చింతగా పడుకునేది. ఆయన కొడుకు ఎలుకను భుజాన ఎక్కించుకుని ఫోటో దిగాడు. అందులో నువ్వు నవ్వుతున్నావు కూడా. మరదలు పోయిన తర్వాత నీ నవ్వు నేను చూడలేదు. అది చూసి ఉత్తరం చింపబోయినదాన్ని ఆగిపోయాను. అంతమాత్రాన ఒప్పుకున్నాననుకోకు.

దాన్ని దుకాణానికి తిరిగిచ్చెయ్యి. మీ ఉపాధికారి కంటపడిందంటే నీ కుర్చీ ఖాళీ అయిందని టముకు వేయిస్తాడు.

ఒక్కటి అడుగుతాను. పక్క మార్చలేదన్నావు. గోకినప్పుడు పొట్టులో రాలిన వెంట్రుకలకు ఈపులు ఉండవని నీకెవరు చెప్పారు? చచ్చినవాటిని లెక్కపెట్టే ధ్యాసలో పుట్టబోయేవాటిని మర్చిపోయినట్లున్నావు. ఈ విషయంలో మీ విభాగం నా దగ్గర పాఠం చెప్పించుకోవాలి.

మీ అక్క.


అధికారి నివాసం,
ముందు గది.

అక్కయ్యకు,

నిర్మూలన సంపూర్ణమని పంపిన నివేదికను ఉపసంహరించుకుంటున్నాను.

నీవు చెప్పినట్లే అయింది. పొట్టులోంచి కొత్త తరం బయలుదేరింది. నేను భూతద్దం పట్టుకుని కళేబరాలు లెక్కపెడుతుంటే, నా ముక్కు కిందే అవి దొరసానిని మళ్ళీ ఆక్రమించాయి. ఇవి రక్తం తాగే రకం. దాని చెవులు, పాదాలు గులాబీ రంగులో ఉండేవి. పాలిపోయి కాగితంలా అయ్యాయి. తిండి ముట్టడం తగ్గించింది. నిన్న కార్యాలయం నుంచి వచ్చి చెయ్యి చాపితే భుజం దాకా ఎక్కలేక మోచేతి దగ్గర ఆగిపోయింది. మొహం కడుక్కోవడం మానేసింది.

పొట్టంతా తగలబెట్టాను. పంజరం మరిగే నీళ్ళతో కడిగాను. చెక్కగూడు పారేసి, అడుగున కాగితం పరిచాను. మళ్ళీ మందు వేశాను. వైద్యుడు మాట నాన్చకుండా చెప్పాడు: ఈపులు పగిలి పిల్లలయ్యాక మరో విడత సరిగ్గా సమయానికి, సరిగ్గా బరువు తూచి వేస్తేనే ఇది బతుకుతుంది, ఈసారి తప్పితే దాని ఒంట్లో ఇక ఇవ్వడానికి రక్తం లేదు.

ఆ విడత వేయవలసిన రోజున నేను ఊళ్ళో ఉండను. ధాన్యపు గిడ్డంగులలో సామూహిక నిర్మూలన కార్యక్రమం. విభాగమంతా అక్కడే మకాం. నాయకత్వం నాది. త్రాసు కూడా నాతోనే వస్తుంది, ఎర తూచాలి గనుక.

ఇక్కడ ఎవరికి అప్పగించను? నలుగురికీ నేను ఎలుకల పాలిట యముణ్ణి. ఇంతకాలం ఆ పేరు మీదే నడిచాను. "మా ఎలుకకు ఒంట్లో బాగాలేదు, కాస్త చూస్తూ ఉండండి" అని ఏ నోటితో అడగను?

అందుచేత నిన్ను అర్థిస్తున్నాను. ఆ కొన్ని రోజులు దొరసానిని నీ గదిలో ఉంచుకుంటావా? బయలుదేరే ముందు తూచి, మోతాదు లెక్క కట్టి ఇస్తాను. ఇది అధికారిక లేఖ కాదు.

తమ్ముడు.


బాలికల వసతి గృహం,
వార్డెన్ గది.

తమ్ముడూ,

ఉంచుకోను. ఈ గడప లోపలికి పేను రాదు. ఎలుకదైనా సరే, నువ్వు తెచ్చినా సరే. నా దగ్గర పిల్లల్ని వదిలివెళ్ళిన తల్లిదండ్రులకు ఇచ్చిన మాట అది. తమ్ముడని దాన్ని సడలిస్తే రేపు నా మొహం నేనే చూసుకోలేను.

ఈ ముక్క రాసి, కాగితం మడిచి, మళ్ళీ విప్పాను. భుజం దాకా ఎక్కలేకపోయిందన్నావు కదా. ఆ మాట నన్ను పొద్దుటినుంచి పనిచేసుకోనివ్వడం లేదు.

దాన్ని నీతోపాటు గిడ్డంగులకు తీసుకుపో. త్రాసు అక్కడే ఉంటుంది, నువ్వూ అక్కడే ఉంటావు. అయితే గొడుగు బట్టలో చుట్టి, మూలన దాచి మాత్రం తీసుకుపోకు. దాచుకుని వేసే మందు సరిగ్గా పడదు. చెయ్యి వణుకుతుంది, తూకం తప్పుతుంది, ఎవరో వస్తున్నారని సగంలో మూత పెట్టేస్తావు. నేను ఇన్నేళ్ళుగా పేలు చూసింది వరండాలో, ఎండ పడేచోట, నలుగురి ఎదుట. సిగ్గుపడి గుడ్డ కప్పుకున్న పిల్ల తల ఎన్నటికీ బాగుపడదు.

నీ పరువు సంగతి అంటావా? మన నాన్న బోనుల మూట నెత్తిన పెట్టుకుని వెళుతుంటే బడిలో పిల్లలు నవ్వేవాళ్ళు, గుర్తుందా? ఆయన మూట దింపుకోలేదు. నడక కూడా పెంచలేదు.

ఏమైందో వెంటనే రాయి.

అక్క.


అధికారి నివాసం,
ముందు గది.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

గిడ్డంగుల మకాం ముగించుకుని తిరిగి వచ్చాను. కార్యక్రమ నివేదిక ఈ దిగువన సమర్పిస్తున్నాను.

మందు వేయవలసిన రోజు ఉదయం బృందమంతా గిడ్డంగి ముందు వరుసలో నిలబడింది. బోనులు పెట్టేవాళ్ళు, ఎర కలిపేవాళ్ళు, కన్నాలు మూసేవాళ్ళు. మా ఉపాధికారి ఇస్త్రీ మడత నలగకుండా ఒక పక్కన. నేను బల్ల వేయించి, త్రాసు పెట్టించి, ముందుగా మరొక పని ఉన్నదని ప్రకటించాను. పంజరం తెచ్చి బల్ల మీద పెట్టి, మూత తీసి, దొరసానిని త్రాసు పళ్ళెంలో కూర్చోబెట్టాను.

అక్కయ్యా, అంతమంది ఎలుకల వేటగాళ్ళు ఒక్క ఎలుకను చూసి ఒక అడుగు వెనక్కి వేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇది నా ఎలుక అన్నాను. దీనికి పేలు పట్టాయనీ, నా పొరపాటు వల్లే తిరగబెట్టాయనీ, ఇప్పుడు మందు వేయకపోతే బతకదనీ చెప్పాను. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఉపాధికారి మాత్రం అందరికీ వినబడేలా, "సార్, దాన్ని చంపడానికేనా తూస్తున్నారు?" అన్నాడు.

"కాదు. బతికించడానికి" అన్నాను.

నీవు భయపడినట్లు చెయ్యి వణకలేదు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఒక చేత్తో మెడ వెనక బొచ్చు పాయ తీసి, ఇంకో చేత్తో మందు వేయాలి. దొరసాని నీరసంతో పక్కకు ఒరిగిపోతోంది. అప్పుడు బోనుల మేస్త్రీ వరుసలోంచి బయటికొచ్చాడు. అతని చేతికి ఎలుక చిక్కిందంటే మళ్ళీ వెలుతురు చూడదని ప్రతీతి. అడక్కుండానే రెండు అరచేతులూ దోసిలి పట్టి దాన్ని అందులోకి తీసుకున్నాడు. "పట్టుకోవడం నాకలవాటే సార్. వదలడమే కొత్త" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మందు చుక్క తప్పకుండా పడాల్సినచోట పడింది.

ఆ పైన గిడ్డంగి పని మొదలుపెట్టాము. ఎప్పటిలాగే చేశాము, ఏ లోటూ రానివ్వలేదు. అది నా ఉద్యోగం.

అనంతర పరిణామాలు: ఉపాధికారి అదే రోజు పైకి విన్నవించుకున్నాడు. నిర్మూలనాధికారి ఎలుకను పోషించడం విభాగం గౌరవానికి భంగకరం కాదా, సంజాయిషీ ఇవ్వవలసిందని నాకు తాఖీదు వచ్చింది. ఎలుకను వదులుకోవడమో, పదవిని వదులుకోవడమో తేల్చుకోమన్నారు. ఇంతవరకూ నేను రాసిన సంజాయిషీలలో ఇదే పొట్టిది. "ఎలుక ఉంటుంది" అని రాసి సంతకం చేశాను. వచ్చే నెల నుంచి నన్ను వీధిదీపాల విభాగానికి మారుస్తున్నారు. ఉపాధికారి నా కుర్చీ ఎత్తు ఇప్పటికే కొలుచుకున్నాడు.

బాధపడతావేమోనని రాస్తున్నాను, బాధపడకు. నీవు చెప్పిన ఆ ఆఖరి విడత మందు కూడా తిరిగొచ్చాక అయింది. వైద్యుడు భూతద్దంతో వెతికి వెతికి, ఏమీ దొరక్క భూతద్దాన్నే తుడుచుకున్నాడు. పొక్కులు రాలి కొత్త బొచ్చు వస్తోంది. పాదాలకు మళ్ళీ రంగు తిరిగింది. ఈ వాక్యం రాస్తుండగా నా ఎడమ భుజం మీద బరువుంది. మోచేతి దగ్గర ఆగలేదు. ఇప్పుడు మొహం కడుక్కుంటోంది.

నీ తమ్ముడు,
వీధిదీపాల అధికారి (కాబోవు).


బాలికల వసతి గృహం,
వరండా.

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. మొదటి ఉత్తరంలో కోత పెట్టిన సగం కూడా కలిపి ఇస్తున్నాను. దొరసానికి విడిగా.

నీ ఉత్తరం నాలోనే దాచుకోవడం నావల్ల కాలేదు. సాయంత్రం పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, గొంతెత్తి చదివాను. మా తమ్ముడు, అని రెండుసార్లు చెప్పాను. వంటావిడ కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడి వింది. "బతికించడానికి" అన్న మాట దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. పిల్లలు చూశారు. చూడనీ.

అందరూ వెళ్ళిపోయాక ఒక పిల్ల మాత్రం స్తంభం పక్కనే ఉండిపోయింది. ఈ యేడే చేరింది. చలికాలం వెళ్ళిపోయినా తలకు రుమాలు విప్పదు. జలుబు అంటే నమ్మాను. దగ్గరికొచ్చి రుమాలు విప్పింది.

తమ్ముడూ, నా వసతి గృహంలో పేలు ఉన్నాయి. ఒకటీ అరా కాదు. ఆ పిల్ల మెడంతా గోకి గోకి పుండు చేసుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. "మీ దగ్గర ఎవరికీ ఉండవట కదమ్మా" అంది.

నా పేరే దాని తలకు గుడ్డ కట్టించింది. అది విన్నాక ఆ పిల్ల పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. ఆ తర్వాత నీ ఎలుక త్రాసులో ఎలా కూర్చుందో మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

రేపు పొద్దున్నే వరండాలో ఎండ పడేచోట కుర్చీ వేయిస్తున్నాను. పిల్లలు, వంటావిడ, ఊడ్చే ఆవిడ, అందరి తలలూ చూడాలి. ముందుగా కుర్చీలో కూర్చునేది నేను. దువ్వెన ఆ పిల్ల చేతికిస్తున్నాను.

మీ అక్క.